నడుం డిస్క్ ఆపరేషన్: చెన్నైకి వచ్చే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి నడుం నొప్పితో, కాలు లాగుడుతో చెన్నైకి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. చేతిలో ఎంఆర్ఐ ఫిల్ము, మనసులో ఒకటే టెన్షన్: ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా? నేను ఈ ఊళ్లో ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా వచ్చేవాళ్లు నన్ను తెలుగులో అడిగే ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. డాక్టరు గదిలో సగం ఇంగ్లీషులో, సగం తమిళంలో విన్నది బయటికి రాగానే గుర్తుండదు. ఇది తీరిగ్గా చదువుకుని, మీ డాక్టరును ఏమేం అడగాలో కాగితం మీద రాసుకుని వెళ్లండి. మిమ్మల్ని పరీక్షించి చూసినవాళ్ల మాటే చివరి మాట.

ఏ లక్షణాలు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు?

దీన్నే మొదట చదవండి. మూత్రం బిగబట్టుకుపోవడం, లేదా వస్తున్నట్టు తెలియకుండానే పడిపోవడం, మలం మీద అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ, కూర్చునే చోట మొద్దుబారడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం. వీటిలో ఏది కొత్తగా మొదలైనా అది కాడా ఎక్వైనా సిండ్రోమ్ కావచ్చు. జారిన డిస్క్ నడుం కింది భాగంలోని నరాల గుత్తిని మొత్తంగా నొక్కేస్తోందన్నమాట. ఇలాంటప్పుడు ఆపరేషన్ గంటల లెక్కన జరగాలి. 48 గంటల లోపు అని పుస్తకాల్లో ఉంటుంది కానీ, ఎంత ముందైతే అంత మంచిది. ఆలస్యమైతే మూత్రం, మలం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు.

ఓపీ టోకెన్ కోసం పొద్దున్నే వద్దామని ఆగకండి. 108కి ఫోన్ చేసి నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. చెన్నైలో ఉంటే సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. నెల్లూరులోనో తిరుపతిలోనో ఉంటే చెన్నై దాకా రావాలనుకోవద్దు. ఎంఆర్ఐ, వెన్ను ఆపరేషన్ చేసే సర్జన్ రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రికే వెళ్లండి.

పాదం పైకి లేవకుండా వేలాడిపోతే, నడుస్తుంటే చెప్పు జారిపోతుంటే, అది కూడా వారాల తరబడి చూస్తూ కూర్చునే విషయం కాదు. అదే రోజు, లేదంటే మర్నాడే చూపించాలి.

డిస్క్ జారడం అంటే అసలు ఏం జారుతుంది?

నడుములో ఐదు వెన్నుపూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య ఉండే మెత్త లాంటి దాన్నే డిస్క్ అంటారు. బయట గట్టి పొరలు, లోపల మెత్తటి గుజ్జు. డిస్క్ మొత్తం పక్కకు జారిపోదు. బయటి పొర చిరిగి, లోపలి గుజ్జు కొంత వెనక్కి వచ్చి, అక్కడి నరాన్ని నొక్కుతుంది. నొక్కడమే కాదు, ఆ గుజ్జులోని పదార్థాల వల్ల నరం వాచిపోతుంది కూడా. కాలు కిందికి కరెంటు షాక్ కొట్టినట్టు పాకే నొప్పి అందుకే. సయాటికా అనేది దీన్నే.

నడుం పూసలను పై నుంచి ఎల్1 నుంచి ఎల్5 దాకా లెక్కపెడతారు, వాటి కింది ఎముక ఎస్1. నూటికి తొంభై పైగా ఇది ఎల్4–ఎల్5, ఎల్5–ఎస్1 అనే చివరి రెండు చోట్లే జరుగుతుంది. ఎల్5 నరం నలిగితే పాదం పైభాగం, బొటనవేలు తిమ్మిరెక్కుతాయి, మడమల మీద నడవడం కష్టమవుతుంది. ఎస్1 నలిగితే మడమ, చిటికెన వేలి వైపు తిమ్మిరి ఉంటుంది, మునివేళ్ల మీద లేవడం కష్టం. రోజూ ఇంట్లో గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు వేసి చూసుకోండి. నిన్న వచ్చింది ఈరోజు రాకపోతే డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట అదే.

ఎంఆర్ఐ రిపోర్టులో మూడు చోట్ల బల్జ్ (డిస్క్ ఉబ్బడం) అని ఉంది. మూడింటికీ ఆపరేషన్ కావాలా?

అక్కర్లేదు. నొప్పే లేనివాళ్లకు ఎంఆర్ఐ తీసినా చాలామందిలో బల్జ్ కనిపిస్తుంది. ఇరవైల్లో ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి, ఎనభై దాటినవాళ్లలో ఎక్కువ మందికి ఉంటుందని పరిశోధనలు చూపించాయి. జుట్టు నెరవడం ఎలాగో ఇదీ అలాగే, వయసుతో వచ్చే మార్పు.

మీ కాల్లో నొప్పి ఎక్కడుంది, తిమ్మిరి ఎక్కడ, ఏ కండరం బలం తగ్గింది అనేవి ఫిల్ములో కనిపించే నరంతో సరిపోవాలి. ఎడమ కాలు లాగుతుంటే ఫిల్ములో కుడివైపు గుజ్జు కనిపిస్తే ఆపరేషన్ మాట తర్వాత, ముందు మళ్లీ పరీక్ష చేయాలి. మిమ్మల్ని పడుకోబెట్టి కాలెత్తి చూడకుండా, ఫిల్ము మాత్రమే చూసి ఆపరేషన్ తేదీ ఇచ్చారంటే ఇంకొకరి దగ్గర కూడా చూపించుకోండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఆపరేషన్ లేకుండా తగ్గదా? ఎన్నాళ్లు చూడొచ్చు?

ఎక్కువ మందికి తగ్గుతుంది. బయటికొచ్చిన గుజ్జును శరీరమే మెల్లగా కరిగించేస్తుంది. విడిపోయి పెద్ద ముక్కగా బయటికి వచ్చిందే చిన్న బల్జ్ కంటే తొందరగా కరుగుతుందంటే చాలామంది నమ్మరు, కానీ అది నిజం. బలం తగ్గకుండా నొప్పి మాత్రమే ఉంటే 6 నుంచి 12 వారాలు మందులతో, నడకతో, వ్యాయామంతో చూడొచ్చు. పూర్తిగా మంచం మీదే ఉండిపోవడం వల్ల మేలు లేదు, కండరాలు ఇంకా నీరసపడతాయి.

నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా రోగులతో చేసి 2007లో ప్రచురించిన పరిశోధన గురించి నేను అందరికీ చెబుతాను. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లను మందులతో చూస్తూ అవసరమైతేనే ఆపరేషన్ చేశారు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. తేడా ఎక్కడంటే, త్వరగా ఆపరేషన్ అయినవాళ్లకు కాలి నొప్పి చాలా ముందే తగ్గింది. ఆగి చూసినవాళ్లలోనూ నూటికి 39 మంది ఏడాదిలోపు నొప్పి భరించలేక ఆపరేషన్‌కు వెళ్లారు. అంటే ఆగడం తప్పు కాదు, చేయించుకోవడమూ తప్పు కాదు. ఎంత నొప్పిని ఎన్నాళ్లు భరించగలరో, ఎన్నాళ్లు పని మానుకోగలరో మీరే తేల్చుకోవాలి. శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసే కుర్రాడికీ, ఇంట్లో ఉండే రిటైర్డు మాస్టారికీ ఒకే జవాబు ఉండదు.

మరి ఆపరేషన్ ఎవరికి నిజంగా ఉపయోగం?

కాడా ఎక్వైనా ఉన్నవాళ్లకు, కండరాల బలం రోజురోజుకూ తగ్గుతూ పోతున్నవాళ్లకు, ఆరు నుంచి పన్నెండు వారాలు సరిగ్గా వైద్యం చేసినా కాలి నొప్పి తగ్గక నిద్ర, పని రెండూ పోయినవాళ్లకు.

ఇక్కడొకటి గట్టిగా చెప్పాలి. ఈ ఆపరేషన్ కాలి నొప్పికి. నరం మీద ఒత్తిడి తీసేస్తే కాల్లోకి పాకే నొప్పి తగ్గుతుంది, చాలామందికి స్పృహ వచ్చిన రోజే ఆ తేడా తెలుస్తుంది. నడుములో మాత్రమే నొప్పి ఉండి, కాల్లోకి ఏమీ పాకకపోతే, డిస్క్ ముక్క తీసినా ఆ నొప్పి అలాగే ఉండొచ్చు. ఆపరేషన్ అయ్యాక "నా నడుం నొప్పి పోలేదు" అని బాధపడేవాళ్లలో చాలామందికి ఈ మాట ముందు ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు. సంతకం పెట్టే ముందు సర్జన్‌ను సూటిగా అడగండి: "నాకు దీంతో ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు?"

ఎన్ని రకాల ఆపరేషన్లు ఉన్నాయి?

1934లో అమెరికాలోని బోస్టన్‌లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు జారిన డిస్కే కాలి నొప్పికి కారణమని చూపించి, ఆపరేషన్ ఫలితాలు ప్రచురించారు. అప్పట్లో పెద్ద కోత పెట్టి, ఎముక ఎక్కువగా తీసేవాళ్లు. ఇప్పుడు చేసేవి ఇవి.

మైక్రోడిసెక్టమీ. 1970ల చివరి నుంచి మైక్రోస్కోపు సాయంతో చేస్తున్నారు. మూడు, నాలుగు సెంటీమీటర్ల కోత. కండరాన్ని పక్కకు జరిపి, అవసరమైనంత మేరకే కొద్దిగా ఎముక తీసి, నరాన్ని జాగ్రత్తగా తప్పించి, బయటికొచ్చిన ముక్కను తీస్తారు. డిస్క్ మొత్తం తీసేయరు. పూర్తి మత్తు ఇచ్చి, బోర్లా పడుకోబెట్టి, సుమారు గంట, గంటన్నరలో ముగుస్తుంది. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న పద్ధతి ఇది. మిగతావన్నీ దీనితోనే పోల్చి చూస్తారు.

ట్యూబ్ ద్వారా చేసేది. కండరాన్ని కోయకుండా విడదీసి, సన్నటి గొట్టం పెట్టి అందులోంచి పని చేస్తారు. ఆసుపత్రి ప్రకటనల్లో దీనికి పెద్ద పేరు. 2009లో వచ్చిన ఒక డచ్ పరిశోధనలో మామూలు మైక్రోడిసెక్టమీ కంటే దీనివల్ల ఫలితం మెరుగ్గా ఏమీ రాలేదు.

ఎండోస్కోపిక్. ఒక సెంటీమీటరు కంటే చిన్న కోత, కెమెరా ఉన్న సన్నటి పరికరం. నడుం పక్క నుంచి వెళ్లే పద్ధతిలో పూర్తి మత్తు లేకుండా, ఆ చోటు మొద్దుబార్చి కూడా చేస్తారు. పూర్తి మత్తు తట్టుకోలేని గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు ఇది మంచి అవకాశం. 2022లో నెదర్లాండ్స్ నుంచే వచ్చిన పరిశోధనలో ఏడాది తర్వాత కాలి నొప్పి విషయంలో ఇది మైక్రోడిసెక్టమీకి తీసిపోలేదు. అయితే ఇది నేర్చుకోవడానికి సర్జన్లకు చాలా కాలం పడుతుంది. ముక్క ఉన్న చోటును బట్టి అందరికీ కుదరదు కూడా.

నా అభిప్రాయం అడిగితే, కోత ఎన్ని మిల్లీమీటర్లన్నది ఆఖరి ప్రశ్న. ఆ సర్జన్ ఏ పద్ధతిలో రోజూ చేస్తున్నారన్నదే మొదటి ప్రశ్న.

మా నాన్నకు స్క్రూలు, రాడ్లు వేయాలన్నారు. అవసరమేనా?

మొదటిసారి జారిన మామూలు డిస్క్‌కు సాధారణంగా అవసరం ఉండదు. స్క్రూలు వేసి రెండు పూసలను కలిపేయడాన్ని ఫ్యూజన్ అంటారు. ఒక పూస ఇంకో పూస మీంచి ముందుకు జరిగి ఉంటే, వంగినప్పుడు పూసలు కదిలిపోతున్నట్టు ఎక్స్‌రేలో కనిపిస్తే, ఒకే చోట డిస్క్ మళ్లీ మళ్లీ జారితే దాన్ని ఆలోచిస్తారు. ఆపరేషన్ పెద్దది, ఖర్చు ఎక్కువ, కోలుకోవడానికి నెలలు పడుతుంది, కలిపేసిన చోటుకు పైనా కిందా ఉన్న డిస్కుల మీద భారం పెరగొచ్చు. కాబట్టి "స్క్రూలు ఎందుకు? ముక్క మాత్రమే తీస్తే ఏమవుతుంది?" అని అడగండి. వంగి, వెనక్కి వాలి తీసిన ఎక్స్‌రేలో పూస కదలడం చూపిస్తే నమ్మొచ్చు. కారణం చూపించకుండా వేయాల్సిందే అంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

ఇంజెక్షన్, లేజర్, ఓజోన్‌తో పోతుందంటున్నారు?

నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాలు, కొన్ని నెలలు ఉపశమనం ఇస్తుంది. ఆలోపు ముక్క దానంతట అదే కరిగితే ఆపరేషన్ తప్పుతుంది. ప్రయత్నించదగ్గదే, కానీ బలం తగ్గుతున్నప్పుడు కాదు. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకోవాలి. లేజర్, ఓజోన్‌లకు అంత గట్టి ఆధారాలు లేవు. విడిపోయి కిందికి జారిన ముక్క మీద వాటి ప్రభావం ఉండదు.

పుత్తూరు కట్టు కట్టిస్తే డిస్క్ లోపలికి పోదా?

చెన్నై వీధుల్లో కూడా పుత్తూరు కట్టు బోర్డులు కనిపిస్తాయి. మన పెద్దలకు వాటి మీద నమ్మకం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ కట్టు విరిగిన ఎముకకు. డిస్క్ ఎముక కాదు, ఏ కట్టుతోనూ, ఏ తోముడుతోనూ అది వెనక్కి వెళ్లదు. నడుమును ఒక్కసారిగా మెలిపెట్టి లాగడం, వీపు మీద తొక్కించడం మాత్రం అస్సలు వద్దు. తిమ్మిరి, బలహీనత ఉన్నవాళ్లకు దానివల్ల కాలు మరింత దెబ్బతినొచ్చు. వేడి కాపడం పెట్టుకోండి, హాయిగా ఉంటుంది.

వెన్ను ఆపరేషన్ అయితే కాళ్లు పడిపోతాయంటారు కదా?

ఎక్కువగా భయపెట్టే ప్రశ్న ఇదే. వెన్నుపాము ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ముగిసిపోతుంది. డిస్క్ ఎక్కువగా జారే ఎల్4–ఎల్5, ఎల్5–ఎస్1 దగ్గర ఉండేది విడివిడిగా కిందికి దిగే నరాలు. కాబట్టి ఇక్కడి ఆపరేషన్‌లో వెన్నుపాము కోసుకుపోయి రెండు కాళ్లూ పడిపోవడం అన్న భయానికి ఆస్కారం చాలా చాలా తక్కువ. ఊళ్లో "ఆపరేషన్ తర్వాత కాలు పడిపోయింది" అని చెప్పే చాలా కథల్లో కాలి బలం ఆపరేషన్‌కు ముందే పోయి ఉంటుంది, ఆలస్యంగా తీసుకొచ్చి ఉంటారు.

ప్రమాదాలు అసలు లేవని కాదు. నరాల చుట్టూ ఉండే పొర చిరిగి నీరు కారవచ్చు, అప్పుడు దాన్ని కుట్టి, రెండు మూడు రోజులు పడుకోమంటారు. ఇన్ఫెక్షన్ రావచ్చు. నరం దెబ్బతినడం అరుదు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా అరుదే, అందుకే తొందరగా నడిపిస్తారు. మీ వయసుకు, మీ జబ్బులకు ఏది ఎంత అవకాశమో సర్జన్‌ను అడగండి. ఆపరేషన్‌కు ఇచ్చే అంగీకార పత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగులో చెప్పించుకుని ఆ తర్వాతే సంతకం పెట్టండి. చెన్నై ఆసుపత్రుల్లో తెలుగు వచ్చిన నర్సో, డాక్టరో దొరక్కపోవడం అరుదు.

ఆర్థో డాక్టరా, న్యూరో డాక్టరా?

ఇద్దరూ చేస్తారు. వెన్నులో ప్రత్యేక శిక్షణ తీసుకుని, ఇవే ఆపరేషన్లు ఎక్కువగా చేసేవాళ్లైతే చాలు. ఈ ప్రాంతానికి ఇందులో పాత చరిత్ర ఉంది. వెల్లూరులో 1949లో డాక్టర్ జేకబ్ చాండీ, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1950లో డాక్టర్ బి. రామమూర్తి న్యూరోసర్జరీ విభాగాలు మొదలుపెట్టారు.

షుగర్, గుండె మందులు వాడుతుంటే?

మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించి, అదుపులోకి తెచ్చుకోండి, లేకపోతే గాయం మానదు. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులను మీకు మీరే ఆపకండి. స్టెంట్ ఉన్నవాళ్లకు అది ప్రాణాపాయం. ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టరు, సర్జన్ కలిసి చెప్పాలి. సిగరెట్, బీడీ, ఖైనీ ఈరోజే మానేయండి. పొగతాగేవాళ్లకు డిస్క్ మళ్లీ జారే అవకాశం ఎక్కువ.

ఆపరేషన్ తర్వాత ఎప్పుడు లేవొచ్చు? పనికి ఎప్పుడు వెళ్లొచ్చు?

మైక్రోడిసెక్టమీ అయితే అదే రోజు సాయంత్రమో మర్నాడో నడిపిస్తారు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. ముందు నొప్పి తగ్గుతుంది, తర్వాత బలం వస్తుంది, తిమ్మిరి అన్నిటికంటే ఆఖరున పోతుంది. దెబ్బతిన్న నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది. నడుం నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే లెక్కేసుకోండి. పాదంలో తిమ్మిరి నెలల తరబడి ఉంటే ఆపరేషన్ ఫెయిలైందని బెంగపడొద్దు. కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా.

ఆఫీసు పని రెండు నుంచి నాలుగు వారాల్లో, స్కూటర్, బైక్ నాలుగు నుంచి ఆరు వారాల్లో, బస్తాలు మోసే పని, పొలం పని మూడు నెలల దాకా ఆగి. ఇవి మామూలు లెక్కలు, మీ సర్జన్ చెప్పినదే పాటించండి. మొదటి ఆరు వారాలు కింద కూర్చోవద్దు, నేల మీది మరుగుదొడ్డి బదులు వెస్టర్న్ కమోడ్, లేదా మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ వాడండి. బిందె, గ్యాస్ సిలిండర్, మనవరాలు, ఏదీ ఎత్తొద్దు. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేత్తో నొక్కుకుంటూ లేవండి. నడుం పట్టీ డాక్టరు చెప్పినన్ని రోజులే.

ఫిజియోథెరపీ మానేయకండి. నొప్పి పోయిందని రెండో వారంలో ఆపేసేవాళ్లు చాలామంది. కడుపు, నడుం కండరాలు బలపడేది ఆ తర్వాతి వారాల్లోనే.

మళ్లీ జారుతుందా?

నూటికి 5 నుంచి 15 మందికి అదే చోట మళ్లీ జారుతుంది. వాళ్లలోనూ అందరికీ రెండో ఆపరేషన్ అక్కర్లేదు.

పెళ్లి కావాల్సిన అమ్మాయికి ఈ ఆపరేషన్ చేయిస్తే కాన్పుకు ఇబ్బందా?

లేదు. గర్భం రావడానికీ, కాన్పుకూ అడ్డు కాదు. కాన్పు సమయంలో వెన్నుకు మత్తు ఇవ్వాల్సి వస్తే, నడుం ఆపరేషన్ అయిందని మత్తు డాక్టరుకు ముందే చెప్పి, పాత కాగితాలు చూపించాలి. చాలాసార్లు ఇవ్వగలుగుతారు. దాంపత్య జీవితం గురించి అడగడానికి సిగ్గుపడి ఊరుకునేవాళ్లే ఎక్కువ. నొప్పి లేకుండా నడవగలిగాక, సాధారణంగా కొన్ని వారాల్లో, నడుం మీద భారం పడని విధంగా మొదలుపెట్టొచ్చు.

డబ్బు సంగతి?

ప్యాకేజీ అన్నప్పుడు అందులో ఏమేం ఉన్నాయో రాయించుకోండి: గది, మత్తు డాక్టరు ఫీజు, మందులు, మళ్లీ ఎంఆర్ఐ అవసరమైతే దాని ఖర్చు, రెండు రోజులు ఎక్కువ ఉండాల్సి వస్తే ఎంత. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డుతో రావాలనుకుంటే బయల్దేరే ముందే మీ ఊరి ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్యమిత్రను కలిసి, చెన్నైలో ఏ ఆసుపత్రికి, ఏ ఆపరేషన్‌కు వర్తిస్తుందో తెలుసుకోండి. ఇక్కడే స్థిరపడి తమిళనాడు రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఇక్కడి ముఖ్యమంత్రి బీమా పథకం గురించి అడగొచ్చు. ప్రైవేటు ఇన్సూరెన్స్ చాలా పాలసీల్లో డిస్క్ జబ్బుకు రెండేళ్ల దాకా వెయిటింగ్ ఉంటుంది, ముందే చదివి చూసుకోండి.

ఇంటికి ఎలా వెళ్లాలి? వెళ్లాక ఏం కనిపిస్తే ఫోన్ చేయాలి?

రైలైతే కింది బెర్త్ తీసుకోండి, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయండి. కారైతే ముందు సీటు వెనక్కి వాల్చి, గంటకోసారి ఆపించి దిగండి. వార్డు నుంచి బయటికొచ్చే ముందు ఎంఆర్ఐ సీడీ, డిశ్చార్జ్ సమ్మరీ, రాత్రి పూట కూడా పలికే ఫోన్ నంబరు అడిగి తీసుకోండి.

జ్వరం, గాయం దగ్గర ఎరుపు, చీము లేదా నీళ్లలా కారడం, లేచి కూర్చుంటే వచ్చి పడుకుంటే తగ్గే తలనొప్పి, పిక్క వాచి నొప్పి పుట్టడం, తగ్గిన కాలి నొప్పి మళ్లీ తీవ్రంగా రావడం: ఇవి ఉంటే అదే రోజు ఫోన్ చేయండి. ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూత్రం ఆగిపోయినా, పాదం పడిపోయినా ఫోన్‌తో సరిపెట్టకండి, దగ్గర్లోని క్యాజువాలిటీకి వెళ్లిపోండి, అక్కడి నుంచి మీ సర్జన్‌కు ఫోన్ చేయించండి.